ఉప్పు సంగతేమిటి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పాతికేళ్లకు పైగా మందుల కంపెనీల్లో యంత్రాలతో వేగావు కదా, పిల్లలకు పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పు" అన్నారు. గోడ దూకి మ్యాట్నీకి పోయిన కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి భోజనాల దగ్గర చెప్పుకుందాం. ఈ మైకు ముందు నేను రెండు బాకీలు తీర్చుకోవాలి. ఒకటి బయాలజీ మాస్టారికి. రెండోది తొమ్మిదిలోనూ పదిలోనూ నా పక్కన ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడికి. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. మిత్రుడి అనుమతి తీసుకునే అతని సంగతి చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పను, మీకందరికీ తెలుసు కాబట్టి.

ముందు మాస్టారి బాకీ. 1985లో మేము పదో తరగతి. క్వార్టర్లీ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న: "వరణాత్మక పారగమ్యత అనగానేమి?" నేను ధీమాగా రాశాను: "కణ త్వచము జల్లెడ వంటిది. చిన్న పదార్థములను పోనిచ్చి పెద్ద పదార్థములను ఆపును." పేపరు తిరిగొచ్చింది. ఒక మార్కే. పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతో మూడు మాటలకు మించని ప్రశ్న: "ఉప్పు సంగతేమిటి?"

స్టాఫ్ రూముకు వెళ్లి అడిగాను. "చిన్నవి పోతాయన్నావు. ఉప్పులో ఉన్న సోడియం ఎంత చిన్నది? మరి అదెందుకు పోదు? ఆలోచించు. తెలిసిన రోజున వచ్చి చెప్పు" అన్నారు. ఆ పూట ఇంకో మాట కూడా అన్నారు. "వరణం అంటే తెలుసురా? ఎంచుకోవడం. స్వయంవరంలో ఉన్నది ఆ మాటే. జల్లెడకు ఎంచుకోవడం తెలుస్తుందా?" నేను తల ఊపి వచ్చేశాను. పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. వచ్చి చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది మాస్టారూ, క్షమించాలి.

విషయంలోకి వెళ్లేముందు ఒక చిన్న ఏర్పాటు. తెలుగులో శరీరంలోని సెల్‌నీ కణమే అంటాం, ఇసుమంత ఉండే పార్టికల్‌నీ కణమే అంటాం. ఈరోజు నా కథంతా ఆ రెండింటి మధ్య తగువే. కాబట్టి సెల్‌ని కణం అంటాను, పార్టికల్‌ని నలుసు అంటాను.

కణం చుట్టూ ఉండే త్వచం కొవ్వు పొర. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంటే వెంట్రుక మందంలో పదిహేను వేల త్వచాలు ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. ఇంత పలచని దాన్ని కొలిచిందెవరు, ఎలా కొలిచారు అనేది నాకు చాలా ఇష్టమైన కథ. ఎందుకంటే అందులో పెద్ద యంత్రాలేవీ లేవు.

అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లో ఉన్నప్పుడు క్లాపమ్ అనే చోట ఒక చెరువులో చెంచాడు నూనె పోశాడు. అది పరచుకుంటూ పోయి సుమారు అరెకరం మేర నీటిని అద్దంలా చదును చేసింది. ఈ సంగతి 1774లో అచ్చయింది. పిల్లలూ, ఇక్కడ ఒక లెక్క చేద్దాం. చెంచాడు నూనె 5 మిల్లీలీటర్లు అనుకోండి. అరెకరం అంటే సుమారు 2 వేల చదరపు మీటర్లు. ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే నూనె పొర మందం వస్తుంది. రెండున్నర నానోమీటర్లు! ఏడో తరగతి లెక్కతో అణువు పొడవు దాకా వచ్చేశాం.

తర్వాత నూరేళ్లకు జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అనే అమ్మాయి ఇంట్లో గిన్నెలు కడుగుతూ, జిడ్డు నీటి మీద ఎలా పరచుకుంటుందో గమనించింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. ఆమె ఒక రేకు తొట్టి చేయించుకుని, నీటి మీది జిడ్డు పొరను ఒక పట్టీతో అటూ ఇటూ జరుపుతూ కొలతలు తీసింది. ఆ వివరాలు ఇంగ్లండులో లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని 'నేచర్' పత్రికకు పంపించారు. 1891లో అచ్చయింది. ఆ తొట్టి పద్ధతినే లాంగ్‌మ్యూర్ మెరుగు పరిచారు. ఆ మెరుగుపడిన తొట్టిలోనే 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీటి మీద పరిచారు. రక్తకణాల మొత్తం ఉపరితలం ఎంతో, ఈ కొవ్వు దానికి రెట్టింపు జాగాలో పరచుకుంది. అంటే కణం చుట్టూ కొవ్వు రెండు పొరలుగా ఉంది. తమాషా ఏమిటంటే వాళ్ల ప్రయోగంలో రెండు పొరపాట్లున్నాయి. కొవ్వు పూర్తిగా రాలేదు, కణం వైశాల్యాన్ని తక్కువగా లెక్కేశారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది. మాస్టారు అయితే దానికీ ఒక మార్కే వేసేవారు.

రెండున్నర, రెండున్నర: అయిదు. ఈ కొవ్వు అణువులకు నీటిని ఇష్టపడే తలా, నీటిని చూస్తే పారిపోయే రెండు తోకలూ ఉంటాయి. తలలు బయటి నీటివైపూ లోపలి నీటివైపూ పెట్టి, తోకలన్నీ మధ్యలో దాచుకుంటాయి. అంటే త్వచం దాటాలనుకున్న ఏ పదార్థమైనా ఒక నీటిలోంచి బయల్దేరి, మధ్యలో నూనెలాంటి చోటు గుండా పోయి, మళ్లీ నీటిలోకి దిగాలి.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఇంట్లో అమ్మనడిగితే చెబుతుంది. కాగుతున్న నూనెలో ఉప్పు వేస్తే కరగదు, అడుక్కి దిగుతుంది. నీటిలో ఉప్పు కరిగినప్పుడు సోడియం అయాను చుట్టూ నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. దాని విద్యుదావేశం వాటిని లాగి పట్టుకుంటుంది. నూనెలోకి పోవాలంటే ఆ చుట్టాలందర్నీ వదిలి ఒంటరిగా పోవాలి. అందుకయ్యే ఖర్చు అది భరించలేదు. సోడియం పరమాణు భారం 23. సారాయిలోని ఆల్కహాల్ అణుభారం 46. బరువులో రెట్టింపు అయినా ఆల్కహాల్ త్వచాన్ని ఇట్టే దాటేస్తుంది, అది నీటితోనూ నూనెతోనూ సర్దుకుపోగలదు కాబట్టి. అది తలకెక్కడానికి ఎక్కువసేపు పట్టదనే సంగతి మా బ్యాచ్‌లో కొందరు ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ఆక్సిజన్ దాటుతుంది. సోడియం కన్నా పన్నెండు రెట్లు బరువుండే స్టెరాయిడ్ హార్మోన్లు కూడా దాటుతాయి. ఉత్త కొవ్వు పొరగుండా నీరు పోయే వేగంతో పోలిస్తే సోడియం పోయే వేగం వంద కోట్ల రెట్లకు పైగా తక్కువ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఓవర్టన్ అనే శాస్త్రవేత్త వందల రసాయనాలను కప్ప పిల్లల మీదా మొక్కల వేళ్ల మీదా పరీక్షించి ఇదే చెప్పాడు: నూనెలో కరిగేవి సులువుగా లోపలికి పోతాయి.

మరి ఒంటికి ఉప్పు అక్కర్లేదా అంటే కావాలి. దానికోసం త్వచంలో ప్రోటీన్ తలుపులున్నాయి. ఎప్పుడు తెరవాలో, ఎవరికి తెరవాలో వాటికి తెలుసు. నీటికీ ప్రత్యేకంగా ఒక తలుపుంది. పేరు ఆక్వాపోరిన్. దాన్ని కనుక్కున్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క తలుపులోంచి సెకనుకు వందల కోట్ల నీటి అణువులు పోతాయి, కానీ వాటికన్నా చిన్నదైన ప్రోటాను పోలేదు. కాబట్టి మాస్టారూ, నా జవాబు దిద్దుకుంటున్నాను. త్వచం చూసేది సైజు ఒక్కటే కాదు. వచ్చినవాడి స్వభావం ఏమిటి, తనతో కలుస్తాడా, తలుపు తాళం వాడి దగ్గరుందా అనేవి కూడా చూస్తుంది. మీరన్న స్వయంవరమే.

ఇంతవరకూ అణువుల సంగతి. నా ఉద్యోగం మొదలైంది ఇక్కడి నుంచే. మందును ఒక నలుసులో పెట్టి పంపితే? 50 నానోమీటర్లో, 100 నానోమీటర్లో ఉండే నలుసు. త్వచం మందానికి అది పది ఇరవై రెట్లు పెద్దది. నూనెలో కరిగి పోలేదు. తలుపులో పట్టదు. అయినా కణాలు అలాంటి నలుసులను లోపలికి తీసుకుంటాయి. ఎలాగంటే, మన ఇళ్లలో బొబ్బట్టు చేసినట్టు. పిండి మధ్యలో పూర్ణం ఉండ పెట్టి, అంచులు పైకి తీసి మూసేస్తాం కదా. నలుసు త్వచానికి అతుక్కుంటుంది, త్వచం దాని చుట్టూ వంగి, మూసుకుని, ఒక తిత్తిగా లోపలికి తెగిపడుతుంది. దీన్ని ఎండోసైటోసిస్ అంటారు. ఆ పేరు పెట్టింది బెల్జియంకు చెందిన క్రిస్టియన్ డి డ్యూవ్, 1963లో.

ఇక్కడ ఇంజనీరుకు ముచ్చటైన లెక్క ఒకటుంది. త్వచాన్ని గుండ్రంగా వంచడానికి శక్తి కావాలి. చిన్న గోళమైనా పెద్ద గోళమైనా పూర్తిగా చుట్టడానికయ్యే వంపు ఖర్చు దాదాపు ఒకటే. ఆ ఖర్చును భరించేది అతుక్కోవడం వల్ల వచ్చే లాభం. అది ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే ఉపరితలం పావు అవుతుంది, లాభమూ పావే. ఖర్చు మాత్రం తగ్గదు. అందుకని మరీ చిన్న నలుసును ఒంటరిగా చుట్టడం కణానికి గిట్టుబాటు కాదు. మరీ పెద్దదైతే చుట్టడానికి పిండి చాలదు, పట్టుకునే చేతులూ చాలవు. 2006లో టొరంటో శాస్త్రవేత్తలు 14, 50, 74 నానోమీటర్ల బంగారు నలుసులను కణాలకిచ్చి చూశారు. అన్నిటికన్నా చిన్నవైన 14 కాదు, 50 నానోమీటర్లవి ఎక్కువగా లోపలికి పోయాయి. జల్లెడ లెక్క ప్రకారం ఇది జరగకూడదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో కన్నా ముందు ప్లాంటులో తెలిసింది, అదీ నా తప్పు వల్ల. ఉద్యోగంలో తొలి ఏళ్లలో మా బృందం కొవ్వు బుడగల్లో మందు నింపే ప్రయత్నం చేస్తోంది. వీటిని లైపోసోములంటారు. త్వచానికి వాడిన సరుకుతోనే చేసిన బోలు బుడగలు. కొవ్వునూ నీటినీ కలిపి, అధిక పీడనంతో సన్నటి సందులోంచి తోసే హోమోజినైజర్ అనే యంత్రం నా చేతిలో ఉంది. వంద నానోమీటర్లు చాలని కెమిస్టు చెప్పారు. నేను ఇంజనీరును కదా, వందే బాగుంటే యాభై ఇంకా బాగుంటుంది, ముప్ఫై అయితే మహా బాగుంటుంది అనుకున్నాను. పీడనం పెంచాను, నాలుగుసార్లు ఎక్కువ తోయించాను. వచ్చిన ద్రవం గాజులా మెరిసింది. ఫిల్టరులోంచి నీళ్లలా దిగింది. ఆ రాత్రి అందరికీ నేనే టీ తాగించాను.

మూడో వారంలో సీసాల అడుగున తెల్లటి మడ్డి కనిపించింది. మరీ చిన్న బుడగలో కొవ్వు పొర మితిమీరి వంగి ఉంటుంది. ఆ బిగువు భరించలేక బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, మందు బయటికి కారిపోయింది. బ్యాచ్ మొత్తం పారబోశాం. ఆ కెమిస్టు మేడం నన్ను తిట్టలేదు. "మీరు దాన్ని పిండి మరలా చూశారండీ" అన్నారంతే. ఎర్ర సిరాతో మళ్లీ ఒక మార్కు కోసినట్టనిపించింది. పదో తరగతి జల్లెడ అప్పటికీ నా బుర్రలోంచి పోలేదన్నమాట.

ఇక లోపలికి పోయిన నలుసు సంగతి. తిత్తిలో పడి లోపలికి వచ్చింది కదా, పని అయిపోయిందనుకుంటాం. కాలేదు. అది ఇంకా తిత్తిలోనే ఉంది. నగరంలో దిగి, లాడ్జి గదిలో బయట గొళ్లెం పెట్టేస్తే మనం నగరంలో ఉన్నట్టా లేనట్టా? ఆ తిత్తి పోనుపోను ఆమ్లంగా మారుతుంది. బయట 7.4 ఉన్న పీహెచ్ లోపల ఆరుకూ, అయిదుకూ దిగుతుంది. చివరికి జీర్ణరసాలున్న తిత్తితో కలిసిపోయి, లోపలున్నదంతా అరిగిపోతుంది. కణం దృష్టిలో అది భోజనం.

అందుకని ఈ రంగంలో అసలు పోరాటం రెండో గడప దగ్గర. తిత్తి పొరను దాటి కణంలోని ద్రవంలోకి రావాలి. లిపిడ్ నలుసుల్లో పెట్టి పంపిన ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో వందకు ఒకటో రెండో మాత్రమే అలా బయటపడుతున్నాయని 2013లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. ఆ ఒకటి రెండు రావడానికి కూడా దశాబ్దాలు పట్టింది. కెనడాలోని వాంకూవర్‌లో పీటర్ కల్లిస్, ఆయన సహచరులు అందుకు పనికొచ్చే కొవ్వులను తయారుచేశారు. ఆ కొవ్వు రక్తంలో ఉన్నంతసేపూ ఆవేశం లేకుండా సాధువులా ఉంటుంది. తిత్తి ఆమ్లంగా మారగానే ధనావేశం తెచ్చుకుంటుంది. తిత్తి పొరలో రుణావేశం ఉన్న కొవ్వులుంటాయి. రెండూ కలిసి జంట కట్టేసరికి అక్కడ పొర అమరిక చెదిరి, లోపలి సరుకు బయటపడుతుంది. మొదటి నుంచీ ధనావేశంతో ఉండే కొవ్వులనూ ప్రయత్నించారు. అవి దారిలో కనిపించిన పొరనల్లా చిల్లులు పొడిచేవి. కోపం ఉండాలి, అయితే సరైన చోట రావాలి.

ఆ పద్ధతితో తయారైన మొదటి ఆర్‌ఎన్‌ఏ మందు పాటిసిరాన్‌కు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. రెండేళ్లకు కోవిడ్ ముంచుకొచ్చింది. 2020 డిసెంబరులో విదేశాల్లో వేయడం మొదలెట్టిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు ప్రయాణించింది ఈ రకం కొవ్వు నలుసుల్లోనే. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ ఇచ్చింది ఆ ఎంఆర్‌ఎన్‌ఏను శరీరం సహించేలా మార్చినందుకు. మనలో ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డ్ వేరే దారిది. అందులో ఒక వైరస్‌నే బండిగా వాడారు. తిత్తిని చీల్చుకుని బయటపడే విద్య ఆ వైరస్‌కు పుట్టుకతోనే వచ్చు.

ఇప్పుడు రెండో బాకీ. ఇది చెప్పడం నాకు అంత తేలిక కాదు.

2021 మే నెల. ప్రతి ఇంట్లో ఏదో ఒక దుఃఖం. మన మిత్రుడు కోవిడ్ నుంచి కోలుకుని ఇంటికొచ్చాడు. వారం తిరక్కుండా ముఖం ఒకవైపు వాచింది, కన్ను వాచింది. షుగరు ముందే ఉంది, కోవిడ్‌కు స్టెరాయిడ్లు ఇచ్చారు. బ్లాక్ ఫంగస్ అన్నారు. రాత్రి పదకొండు గంటలకు అతని తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వు ఆ ఇంజెక్షన్ల లైనులోనే కదా ఉన్నావు? రోజుకు ఆరు వయల్స్ కావాలంటున్నారు. ఎక్కడా లేవు."

ఆ ఇంజెక్షన్ పేరు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి. నేను అప్పటికి వేరే కంపెనీలో, వేరే పనిలో ఉన్నాను. తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేశాను. అందరూ నాలాగే ఎవరికో ఒకరికి ఫోన్లు చేస్తున్నారు. తొలి మూడు రోజులకు మా అందరికీ కలిపి దొరికినవి అయిదు వయల్స్. అది ఒక్క రోజు మోతాదు కూడా కాదు. దొరికేదాకా మామూలు యాంఫోటెరిసిన్ ఇచ్చారు. కిడ్నీలు దెబ్బతినడం మొదలై దాన్నీ తగ్గించాల్సి వచ్చింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు. కుడి కన్ను దక్కలేదు.

ఆరు నెలల తర్వాత ఇంటికి వెళితే అతను నన్ను ఒకటే అడిగాడు. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. "ఒరేయ్, రెండూ ఒకటే మందు అంటారు కదా. ఒకటి దొరుకుతుంది, ఇంకోటి దొరకదు. ఒకటి కిడ్నీ తింటుంది, ఇంకోటి తినదు. ఆ సీసాలో ఏముందిరా?" ఆ రోజు నేను ఏదో నసిగాను. ఈరోజు సరిగ్గా చెబుతాను, విను.

యాంఫోటెరిసిన్ 1950ల్లో, వెనెజులాలోని ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. అది చంపేది త్వచాన్ని పాడుచేసే. ఫంగస్ త్వచంలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. మన త్వచంలో దానికి బదులు కొలెస్టెరాల్ ఉంటుంది. ఇద్దరూ కవల పిల్లల్లా ఉంటారు. మందు ఎర్గోస్టెరాల్‌ను గట్టిగా పట్టుకుంటుంది, కొలెస్టెరాల్‌ను కొంచెం తక్కువగా. ఆ కొంచెం తేడాయే రోగికి ఆయువు. మామూలు రూపంలో ఇస్తే మందు ఎక్కడ పడితే అక్కడ మన కణాలకూ తగులుతుంది, ముఖ్యంగా కిడ్నీలకు.

లైపోసోమల్ రూపంలో ఆ మందును వంద నానోమీటర్ల లోపు కొవ్వు బుడగ గోడలోనే ఇమిడ్చారు. ఆ గోడలో కొలెస్టెరాల్ కూడా కలిపారు. మందు దాన్ని పట్టుకుని, దారి పొడవునా బుడగలోనే కుదురుగా ఉంటుంది. కిడ్నీ పక్కనుంచి పోయినా దిగదు. ఫంగస్ దగ్గరకు చేరేసరికి అక్కడ తనకు మరింత ఇష్టమైన ఎర్గోస్టెరాల్ ఎదురవుతుంది. అప్పుడు బుడగను వదిలి అటు మారుతుంది. అందుకే కిలో బరువుకు 1 మిల్లీగ్రాము ఇవ్వడానికి భయపడే మందును ఈ రూపంలో 5 మిల్లీగ్రాములు ఇవ్వగలుగుతారు. నీ బరువు 60 కిలోలు. రోజుకు 300 మిల్లీగ్రాములు. వయల్‌కు 50. అదీ ఆ ఆరు వయల్స్ లెక్క. అలా వారాల తరబడి.

ఎందుకు దొరకలేదంటే, కరోనాకు ముందు ఈ జబ్బు అరుదు, కాబట్టి తయారీ కొద్దిగానే ఉండేది. గిరాకీ ఒక్క నెలలో పెరిగింది. మాత్రల్లా దీన్ని మర తిప్పి పోగెయ్యలేం. శుద్ధి చేసిన ప్రత్యేకమైన కొవ్వులు కావాలి. బుడగ సైజు చెప్పిన హద్దుల్లోనే ఉండాలి. పెద్దదైతే ఫిల్టరులో పోదు, మరీ చిన్నదైతే ఏమవుతుందో ఇందాకే చెప్పాను. ఫిల్టరు చేశాక గడ్డకట్టించి ఆరబెట్టాలి. తర్వాత సీసాలో సూక్ష్మజీవులు లేవని తేల్చే పరీక్ష ఒక్కదానికే 14 రోజులు. ఆ పద్నాలుగు రోజులను ఏ ఇంజనీరూ పీడనం పెంచి తగ్గించలేడు. నీకు కావాల్సింది మూడు రోజుల్లో. లోకంలో ఎవరిదో ఒక్కరి తప్పు అయితే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ముందే కొంత సరుకు సిద్ధం చేసి పెట్టుకోవాలన్న ఆలోచన మా లైనులో ఉన్న మా అందరికీ రావాల్సింది. రాలేదు. నేనూ అందులో ఒకణ్ణి. ఆ మాట నీకు చెప్పాలనే ఇవాళ ఈ మైకు అడిగాను.

పోయినవారం ఈ ప్రసంగం రాసుకుని అతనికి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "ఇంతకీ ఉప్పు సంగతి తేలిందిగా. ఆ ఒక్క మార్కు అడిగి వేయించుకో" అన్నాడు.

పిల్లలకు రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. మీరు పరీక్షలో రాసే నిర్వచనాల్లో ఒక్కోసారి ఒక్క మాటలోనే మొత్తం విషయం దాగి ఉంటుంది. వరణం అన్న మాటను నేను బట్టీ పట్టాను. విప్పి చూసి ఉంటే ఒక బ్యాచ్ మందు పారబోసే పని తప్పేది. తెలియని మాటను మాస్టారిని అడగండి. మాస్టారు తిరిగి ప్రశ్న వేస్తే, నాలా నలభై ఏళ్లు ఆగకండి.

పెద్దలకు ఒక్క ముక్క. యాభై దాటినవాళ్లం ఇక్కడ సగానికి పైగా ఉన్నాం. పక్కగదిలో మన డాక్టరు తమ్ముడు షుగరు పరీక్ష చేస్తున్నాడు. భోజనానికి ముందే చేయించుకోండి, బొబ్బట్టు తిన్నాక కాదు.

చివరగా, మా బ్యాచ్ తరఫున బయాలజీ ల్యాబుకు ఆరు మైక్రోస్కోపులు ఇస్తున్నాం. వాటితో త్వచం కనబడదు, అది అంత పలచన. కానీ ఉల్లిపొర మీద ఉప్పునీటి చుక్క వేస్తే లోపలి నీరు బయటికి పోయి, కణంలోని పదార్థం గోడను వదిలి ముడుచుకోవడం కనిపిస్తుంది. నీరు బయటికి వచ్చింది, ఉప్పు లోపలికి పోలేదు. మా అమ్మ ఆవకాయ జాడీలో ముక్కల చుట్టూ ఊట ఊరించేదీ మొదట అలాగే. మొదటి స్లైడు మాస్టారి చేతుల మీదుగా పెట్టించాలని మా కోరిక.

మాస్టారూ, జవాబు చెప్పాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దండి.